బాతులు దిగిన కార్తీకం

నవంబరు సగం గడిచాక ఏదో ఒక ఆదివారం, మంచం పెట్టెలోంచి రజాయిలూ స్వెట్టర్లూ మఫ్లర్లూ తీసి బాల్కనీలో ఎండకి ఆరేస్తాను. ఆ పూటంతా ఫరీదాబాద్‌లోని మా ఫ్లాటులో కలరా ఉండల వాసనే. మా ఆయన తుమ్ముకుంటూ కిటికీలన్నీ తెరుస్తారు, మా అమ్మాయి ముక్కు మూసుకుని "మమ్మీ, ప్లీజ్" అంటూ తన గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. నేను మాత్రం రజాయిలో ముఖం దాచుకుని గుండెల నిండా పీల్చుకుంటాను. ఢిల్లీ చలికాలం ఎవరెవరికి ఎలా మొదలవుతుందో గానీ నాకు ఈ వాసనతోనే మొదలవుతుంది. ఇది ముక్కుకి తగిలిందంటే చాలు, కొంకర్లు పోయిన వేళ్లూ, పచ్చగడ్డి మీద తడిసిన కాన్వాసు బూట్లూ, పొగమంచు అవతల ఎక్కడో కనిపించకుండా వినిపించే రెక్కల చప్పుడూ అన్నీ కట్టగట్టుకుని వచ్చేస్తాయి.

మేం అప్పట్లో మునిర్కాకి దగ్గర్లో గవర్నమెంటు క్వార్టర్సులో ఉండేవాళ్లం. నాన్నది భీమవరం పక్కన పల్లెటూరు. కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం వచ్చి ఢిల్లీ చేరి, పెళ్లయ్యాక అమ్మని తెచ్చుకుని, చూస్తుండగానే ఇక్కడి చలి కోసం వేసవంతా ఎదురుచూసే మనిషిగా మారిపోయాడు. అమ్మకి చలంటే ఒళ్లుమంట. దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి హోలీ వరకూ ఆవిడ చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువా, కాళ్లకి మేజోళ్లు, మేజోళ్లతోనే చెప్పులూ వేసుకుని, వంటింట్లో స్టవ్వు దగ్గర్నుంచి కదిలేది కాదు. క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో పక్కింటి పంజాబీ ఆంటీలు నులకమంచాలు వేసుకుని, ఎండ ఎటు జరిగితే మంచం అటు జరుపుకుంటూ, ఊలు అల్లుతూ, వేడివేడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లాడేవాళ్లు. నారింజ తొక్కలూ, నువ్వులతో చేసే గజక్ ముక్కలూ, ఉప్పూ కారం అద్దిన జామకాయలూ, నిమ్మకాయ పిండిన ముల్లంగీ, వీటన్నిటి మధ్యా అమ్మ పంపించిన మినప సున్నుండలు కూడా ఒక పళ్లెంలో తిరిగేవి. వాటిని వాళ్లు శనగపిండితో చేసే బేసన్ లడ్డూలనే అనుకుని తినేవాళ్లు. అమ్మ ఎన్నడూ సరిదిద్దలేదు, తిన్నారు కదా అదే చాలనేది.

చలికాలం ఆదివారాలు మాత్రం నాన్నవీ నావీ. ఇంకా వెలుగు రాకముందే నన్ను లేపి, రెండు స్వెట్టర్లు తొడిగి, కోతిటోపీ గడ్డం కింద దాకా లాగి, తన చేతిని నా కోటు జేబులో పెట్టుకుని పార్కుకి నడిపించుకుపోయేవాడు. కోటు నాదైనా జేబులో వెచ్చదనం మాత్రం ఆయనది. కాలనీ వెనక రోడ్డు దాటితే పెద్ద పార్కు, పార్కులో ఒక మూల పాతకాలపు గుమ్మటం, గుమ్మటానికి దిగువన చెరువు. దాన్ని చెరువనడం కూడా దొడ్డమాటే, మా ఊళ్లవాళ్లు చూస్తే గుంటంటారు. అయినా ఎక్కడెక్కడి నుంచో, సైబీరియా నుంచీ టిబెట్టు నుంచీ, ఆ గుంటని వెతుక్కుంటూ పక్షులు వచ్చేవి. నాన్న దగ్గర జంక్‌షాపులో కొన్న బైనాక్యులర్ ఒకటి ఉండేది. అందులో ఎడమ కన్ను మసక. అందుకని కుడి కంటితోనే చూసేవాళ్లం, ఎడమ కన్ను గట్టిగా మూసుకుని. ఇప్పటికీ ఏదైనా శ్రద్ధగా చూడాలంటే నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది.

పక్షుల అసలు పేర్లు మాకు కొన్నే తెలుసు. తెలియనివాటికి మేమే పెట్టుకున్నాం. ముక్కు చివర వెడల్పుగా, బల్లపరుపుగా ఉండే బాతుని ఒకసారి చూడటానికి వచ్చిన అమ్మ అట్లకాడ బాతంది, అంతే, అది జన్మంతా అట్లకాడ బాతే. నల్లటి ఒంటితో నుదుట తెల్లటి బొట్టున్నది నామాలకోడి. కాళ్లు నీళ్లలో పెట్టి గంటలకొద్దీ కదలకుండా నిలబడే బూడిదరంగు కొంగకి నాన్న అండర్ సెక్రటరీ అని పేరు పెట్టాడు. ఎంతసేపు చూసినా దాని దగ్గర్నుంచి ఏ ఫైలూ కదిలేది కాదు. గడ్డిలో తోక ఆడించుకుంటూ అటూ ఇటూ పరుగులు తీసే బుల్లిపిట్ట ప్యూను. ఇలా మంత్రిత్వ శాఖ మొత్తం ఆ చెరువు దగ్గరే ఉండేది. ఒక్క మంత్రిగారు మాత్రం రాలేదు.

మంత్రిగారంటే తలమీద రెండు నల్లచారలున్న పెద్దబాతు. ఒళ్లంతా లేత బూడిదరంగు, మెడకి తెల్లటి గీత, పసుపు ముక్కు. హిమాలయాలని చుట్టుతిరిగి కాకుండా, ఏకంగా శిఖరాల మీదుగానే దాటి వస్తుందనీ, విమానంలో వెళ్లేవాళ్లు కిటికీలోంచి దాన్ని చూసి నోరెళ్లబెడతారనీ నాన్న చెప్పేవాడు. లడఖ్‌లో పనిచేసి వచ్చిన ఆఫీసు స్నేహితుడొకాయన దాని గురించి వర్ణించి వర్ణించి నాన్నకి పిచ్చెక్కించాడు, నాన్న నాకెక్కించాడు. ప్రతి చలికాలమూ "ఈ ఏడు వస్తాయి చూడవే" అనేవాడు. నేను చలిలో పళ్లు టకటకలాడించుకుంటూ గట్టు మీద కూర్చునేదాన్ని. బళ్లో అందరికీ చెప్పేశాను కూడా, మా చెరువుకి హిమాలయాలు దాటిన బాతులొస్తాయని. అవి రాక నా పరువు ఏడాదికేడాది పోతూనే ఉంది.

ఇక అదే పార్కులో, అదే చెరువు పక్కన, కార్తీక మాసంలో మా కాలనీ తెలుగువాళ్ల వనభోజనాలు జరిగేవి. పార్కంతా గాలించినా ఉసిరిచెట్టు లేదు. అందుకని రంగు డబ్బాలో పెంచిన ఉసిరిమొక్కని ఎవరో ఒకరు స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని తెచ్చేవారు. దాని చుట్టూ దీపాలు పెట్టి, దాని నీడలో మేమంతా భోంచేసినట్టు లెక్క. మోకాలెత్తు మొక్క నీడలో వందమంది! పులిహోర, పూర్ణం బూరెలు, వంకాయ కూర, కందా బచ్చలి, పప్పుచారు, దొండకాయ వేపుడు, తోడుపెట్టిన గడ్డ పెరుగు, అన్నీ ఇళ్ల దగ్గరే వండి పెద్ద గిన్నెలకి గుడ్డలు కట్టి వ్యానులో తెచ్చేవాళ్లు. విస్తళ్లు పరిచి నేలమీదే బంతి వేసేవాళ్లు. మైకు ఉండేది. మైకు పట్టుకుంటే వదలని సుజాతాంటీ ఉండేది. అంత్యాక్షరీ, తంబోలా, కుర్చీలాటా అన్నీ ఆవిడ చేతిమీదుగానే నడవాలి. ఆవిడ మాటకారితనానికి మైకే అక్కర్లేదని నాన్న ఇంట్లో అనేవాడు గానీ ఆవిడ ఎదుట అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంకొకాయన కామేశం తాతగారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, మా పై అంతస్తులో కూతురింట్లో ఉండేవారు. ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకి వినబడేలా కేకలు వేసిన గొంతు అది, రిటైరైనా తగ్గలేదు. వనభోజనాల్లో ఆయన పని ఒక్కటే. వడ్డన అయ్యాక లేచి నిలబడి "భోజనకాలే హరినామ స్మరణా..." అని ఎత్తుకునేవారు, బంతి బంతంతా "గోవిందా... గోవింద!" అని అరిచేది. పెరుగన్నం తిన్నాక, లేచేముందు మళ్లీ ఇంకోసారి. ఆ రెండో గోవింద పడితే గానీ ఎవరూ విస్తరి ముందు నుంచి లేవకూడదు. మా ఊళ్లలో అదే పద్ధతనేవారు తాతగారు, ఢిల్లీలోనూ అదే నడిపించారు.

నాకు పదో ఏడో పదకొండో, ఆ ఏడు నాన్న వనభోజనాల కార్యదర్శి. జాగా పట్టడానికి తెల్లవారేసరికే టార్పాలిన్లు మోసుకుని ఇద్దరం పార్కుకి వెళ్లాం. పల్చటి మంచు, గడ్డి మీద తడి. టార్పాలిన్ పరుస్తూ పరుస్తూ నాన్న అలాగే వంగిపోయి ఉండిపోయాడు, నడుం పట్టేసిందేమో అనుకున్నాను. ఆయన చూపున్న వైపు చూశాను. చెరువుకి అవతల గట్టు మీద, పచ్చికలో, పెద్దబాతులు. ఒకటీ రెండూ కాదు, ఒక గుంపు గుంపే. తలలు వంచుకుని తీరిగ్గా గడ్డి మేస్తున్నాయి. ఒకటి తలెత్తితే నల్లచారలు రెండూ, బైనాక్యులర్ లేకుండానే, కుంచెతో గీసినట్టు కనిపించాయి. అంతటి సంతోషం ఆ తర్వాత నా జీవితంలో చాలాసార్లు వచ్చింది గానీ, మొదటిసారి వచ్చింది మాత్రం అప్పుడే.

వెంటనే భయం కూడా వచ్చింది. ఇంకాసేపట్లో వ్యాను వస్తుంది, వందమంది దిగుతారు, మైకు పెడతారు. బాతులు చప్పుడు సహించవని నాకు తెలుసు.

"నాన్నా, మైక్ మత్ లగానా," అన్నాను. అప్పట్లో నాకు అన్నీ హిందీలోనే వచ్చేవి.

"అందరూ మైకు కోసమే వస్తారే. ఏం చెప్పనూ వాళ్లకి?"

"బోల్ దో నా... చెప్పండి, బాతులు మళ్లీ రావు అని." నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నానని ఆయనకి అర్థమైంది.

వ్యాను వచ్చింది. నాన్న చేతులు నులుముకుంటూ విషయం చెప్పాడు. మొదట అందరూ నవ్వారు, తర్వాత కొందరు విసుక్కున్నారు. బాతుల కోసం వనభోజనాలు మానుకుంటామా అన్నారొకరు. సుజాతాంటీ అయితే నడుం మీద చేయి వేసుకుని నిలబడింది.

"ఏవండీ సెక్రటరీగారూ, వారం రోజుల్నుంచీ పాటలు ప్రాక్టీసు చేశానండీ నేను. మీ బాతులు నా పాట వింటే ఎగిరిపోతాయా ఏంటీ?"

"మీరొకసారి వచ్చి చూడండి ఆంటీ," అన్నాన్నేను, ఆవిడ కొంగు పట్టుకుని లాగుతూ. ఆవిడ గొణుక్కుంటూనే నాతో చెరువు దాకా వచ్చింది. బైనాక్యులర్ ఇచ్చి ఎడమ కన్ను మూసుకోమన్నాను. చాలాసేపు చూసింది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు.

తిరిగివచ్చి అందరితోనూ ఒకటే మాటంది. "అవి భోంచేస్తున్నాయండీ. అంత దూరం నుంచి ఎగిరొచ్చి, పాపం ఆకలి మీదున్నాయి. తింటున్నవాళ్లని లేపుతామా ఎక్కడైనా? వాళ్ల బంతి వాళ్లది, మన బంతి మనది. ఠీక్ హై, మైకు వద్దు."

ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లు తెలుగువాళ్లలో ఉండరు. తినేవాళ్లని మధ్యలో లేపడమంటే ఎంత పాపమో ప్రతి ఇంట్లోనూ ఉగ్గుపాలతో పట్టిస్తారు. హిమాలయాల గురించీ, పక్షుల గొప్పదనం గురించీ నాన్న పావుగంట చెప్పినా కరగనివాళ్లు, అవి అన్నం ముందు కూర్చున్నాయనేసరికి మెత్తబడిపోయారు. మైకు పెట్టె వ్యానులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత జరిగింది చెబితే ఎవరూ నమ్మరు. వందమంది తెలుగువాళ్లు ఒక్కచోట చేరి గొంతెత్తకుండా గడిపారు. అంత్యాక్షరీ గుసగుసల్లో జరిగింది. పాట చివరి అక్షరం వినబడక కొట్లాటలూ గుసగుసల్లోనే అయ్యాయి. తంబోలా అంకెలు సుజాతాంటీ వేళ్లతో చూపించింది. గిన్నె మూతలు తీసేవాళ్లు పసిపిల్లని దించుతున్నంత జాగ్రత్తగా కింద పెట్టారు. "ఇంకొంచెం పులిహోర?" అని వడ్డించేవాళ్లు చెవిలో అడిగేవారు, తినేవాళ్లు చేయి అడ్డం పెట్టి తలలూపేవారు, వడ్డించేవాళ్లు అయినా వేసేవారు. చంటిపిల్లాడొకడు రాగం అందుకోబోతే నలుగురు ఆడవాళ్లు నాలుగు బూరెలతో పరిగెత్తారు. మొదటి గోవిందని కామేశం తాతగారు పెదవుల మధ్యే పలికారు, మేమంతా ఊపిరితో బదులు చెప్పాం. ఆయనకి అది ఎంత కష్టమైందో మెడ నరాలు చూస్తే తెలిసేది. అవతల గట్టు మీద బాతులు తలెత్తకుండా మేస్తూనే ఉన్నాయి. నేను బంతిలో చివర, వాటికి ఎదురుగా కూర్చుని, విస్తరి చూడకుండా తిన్నాను. ఏం తిన్నానో తెలియదు గానీ అంత రుచి ఏ భోజనానికీ లేదు.

పెరుగన్నం అయిపోయింది. అందరూ వేళ్లు నాక్కుంటున్నారు. ఎండ బాగా వచ్చింది, పొట్టలు నిండాయి, ఒళ్లు వెచ్చబడ్డాయి. అలాంటి వేళ మనిషి జాగ్రత్త ఎటుపోతుందో ఎవరికి తెలుసు! తాతగారు లేచి నిలబడి, కండువా సర్దుకుని, ఏళ్ల తరబడి చేస్తున్న పని చేసేశారు.

"భోజనకాలే హరినామ స్మరణా..."

ఆ గొంతు చెరువు దాటి గుమ్మటానికి తగిలి వెనక్కి వచ్చింది. ఆ పిలుపు వింటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, ఆపడం ఎవరి తరమూ కాదు. వందమందీ, నాన్నతో సహా, చివరికి నాతో సహా, ఒక్క గొంతుతో అరిచేశాం.

"గోవిందా... గోవింద!"

బాతులు లేచాయి.

అన్నీ ఒక్కసారే. నీటి మీద పెద్ద దుప్పటి దులిపినట్టు చప్పుడైంది. మెడలు చాచి, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ, మా తలల మీదుగా ఒక చుట్టు తిరిగాయి. ఎంత కిందుగా అంటే రెక్కల గాలి మాకు తగిలింది. బంతి మొత్తం ఎంగిలి చేతులతో నిలబడి తలలు పైకెత్తింది. పొద్దున్నుంచీ ఓపిగ్గా నోరు మూసుకున్నవాళ్లలో చాలామంది వాటిని సరిగ్గా చూసింది అప్పుడే. బాతులు యమున వైపు వరస కట్టి, సన్నటి గీతలా మారి, మాయమయ్యాయి.

నేను భోరుమన్నాను. సుజాతాంటీ నన్ను ఒళ్లోకి లాక్కుని కొంగుతో ముక్కు తుడిచింది. తాతగారు నిలబడ్డచోటే కూలబడ్డారు. "ఎంతపని చేశానమ్మా," అన్నారు, ఆ గొంతేనా ఇదీ అన్నంత చిన్నగా. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అరిచింది అందరమూ కదా.

తర్వాతి ఆదివారం, నాన్న నన్ను లేపకముందే, తలుపు తట్టారు. కోతిటోపీ, మఫ్లరు, పాత రైల్వే ఓవర్‌కోటు, చంకలో టీ ఫ్లాస్కు. తాతగారు.

"పద తల్లీ. నేను పంపించినవి నేనే పిలుచుకురావాలి గదా."

ఆ చలికాలమంతా ముగ్గురం వెళ్లాం. నాన్నకి ఒంట్లో బాగోలేని రోజున మేమిద్దరమే వెళ్లాం. మోకాళ్ల నొప్పితో ఆయన మెల్లగా నడిచేవారు, గట్టు మీది బెంచీ అంత చల్లగా ఉన్నా కూర్చునేవారు. అట్లకాడ బాతుల్నీ అండర్ సెక్రటరీనీ ఆయనకి పరిచయం చేశాను. ప్యూను ఆయనకి బాగా నచ్చాడు. గట్టు మీద తాతగారు నోరు మాత్రం విప్పేవారు కాదు, ఏదైనా కావాలంటే సైగే. పార్కు కాపలా భయ్యా ఆయన్ని మూగవాడనుకుని "బాబాజీ" అంటూ చేతులూపి పలకరించేవాడు. తాతగారు కూడా చేతులూపి జవాబిచ్చేవారు. నాకు బాతులు వస్తాయన్న ఆశ పోయిన రోజులు ఉన్నాయి. ఆయన మాత్రం ఆదివారం తప్పలేదు.

సంక్రాంతి వెళ్లాక, చలి కాస్త విరుగుతున్న రోజుల్లో, ఒక పొద్దున్న ఆయన నా చేతిని గట్టిగా పట్టుకున్నారు. ఎముకలు నొప్పి పుట్టేంత గట్టిగా. ఆయన నాకంటే ముందే చూశారు. మంచులోంచి, గుమ్మటం మీదుగా, మెడలు చాచుకుని అవి దిగుతున్నాయి. మునుపటంత గుంపు కాదు, కొన్నే. అవతల గట్టు మీద వాలి, అటూ ఇటూ చూసి, తలలు వంచి గడ్డి అందుకున్నాయి. నేను తాతగారి ముఖంలోకి చూశాను. కళ్ల వెంట నీళ్లు కారి మఫ్లరులోకి ఇంకుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. ఆయన గోవిందా అంటున్నారు. ఇంత కూడా చప్పుడు లేదు. అవి మేసినంతసేపూ అలాగే అంటూ కూర్చున్నారు.

ఇప్పుడు తాతగారు లేరు. మా క్వార్టర్లు పడగొట్టి, కిటికీలు తెరుచుకోని పెద్ద పెద్ద భవనాలు కడుతున్నారు. చెరువు గట్టుకి రాళ్లు పరిచారు, రంగు దీపాలు పెట్టారు, సాయంత్రాలు నీళ్లు పాటకి తగ్గట్టు ఎగురుతాయి. పెద్దబాతులకి మేయడానికి పచ్చిక లేదు, అవి రావు. వాటి గురించి నాకు దిగుల్లేదు, అన్ని కొండలు దాటగలిగినవి ఎక్కడో మంచి గడ్డి చూసుకునే ఉంటాయి. తింటున్న బాతుల్ని లేపకూడదని పొద్దున్నంతా గొంతు నొక్కుకుని పులిహోర తిన్న మనుషులు మాత్రం నాకు మళ్లీ దొరకలేదు. వాళ్లు లేని లోటే నాకు పెద్దది.

వనభోజనాలు ఇప్పుడూ ఉన్నాయి, వసంత్ కుంజ్‌లో ఒక ఏసీ హాల్లో. ఈ ఏడు మా అమ్మాయిని తీసుకెళ్లాను. బల్లల మీద ప్లేట్లు, స్పీకర్లలో పాటలు, చెవులు గింగురుమంటున్నాయి. భోజనాలు ముగుస్తుండగా స్టేజీ మీద కుర్రాడెవరో మైకులో గోవింద అందుకున్నాడు. హాలంతా అరిచింది, నేనూ అరిచాను. అరవగానే నా తల దానంతటదే పైకి లేచింది.

"మమ్మీ, ఊపర్ క్యా హై?" అంది మా అమ్మాయి.

పైన తెల్లటి ఫాల్స్ సీలింగు, అందులో గుండ్రటి లైట్లు. "బాతులు లేస్తాయేమోనని," అన్నాను. నాకేదో అయిందన్నట్టు నవ్వుతుందనుకున్నాను. అది నవ్వలేదు. చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని, బుగ్గలో బూరె నమలడం మానేసి, తల పైకెత్తి చూస్తూ నిలబడింది.